అమ్మ చూపించిన బందరు

సముద్రంలో పోయినవాడు పోయాడని చెప్పాల్సింది సముద్రం కాదు, కన్నతల్లి. మా పాలెం కట్టుబాటు అది. శవం ఒడ్డుకి కొట్టుకొస్తే సరే, అందరూ చూస్తారు, జరగాల్సిన కార్యం జరిగిపోతుంది. రాకపోతే మాత్రం తల్లి కులపెద్దల ముందు నిలబడి “నా కొడుకు లేడు” అని తన నోటితో అనాలి. ఆవిడ అననంతవరకూ వాడు బతికున్నట్టే. కర్మ చెయ్యకూడదు. పెళ్లాం బొట్టూ గాజులూ అలాగే ఉండాలి. పుట్టింటివాళ్లు వచ్చి ఆ పిల్లని తీసుకెళ్లిపోతామంటే కుదరదు. ఆ వేసవంతా మా ఇల్లు మా అమ్మ నోటి దగ్గరే ఆగిపోయింది.

బెజవాడ దగ్గర కృష్ణ మీద కొత్త బ్యారేజీ పూర్తయిన ఏటి సంగతి. ఉగాది వెళ్లిన వారానికి నా తమ్ముడు వెంకటపతి తెప్ప వేసుకుని వేటకి వెళ్లాడు. తోడు వెళ్లాల్సిన మా ఆయన జ్వరంతో మూలుగుతున్నాడు. “ఒక్కపూట పనే బావా, నువ్వు పడుకో” అని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మధ్యాహ్నానికి దక్షిణపు గాలి లేచి ఇళ్ల మీద తాటాకులు ఊడబెరికింది. గాలి తగ్గాక పాలెంలో ఉన్న తెప్పలన్నీ వెతకడానికి వెళ్లాయి. నాగాయలంక వైపు చూశారు, కృష్ణ సముద్రంలో కలిసేచోట చూశారు. తెప్ప దుంగ కూడా దొరకలేదు. మా ఆయన జ్వరం తగ్గి లేచాడు గానీ, ఆ తర్వాత అమ్మ ఎదురుపడితే తల దించుకుని పోయేవాడు.

అమ్మ పేరు పెద్దింట్లమ్మ. పేరుకి తగ్గ మనిషి. మా నాన్న పోయాక ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి మా ఇద్దరినీ పెంచింది. ఆవిడ ‘ఊఁ’ అంటే ఊఁ, ‘ఉహుఁ’ అంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఉహుఁ. ఎవరైనా తమ్ముడి మాటెత్తితే, “వాడు ఈతగాడు. ఏ ఓడవాళ్లో ఎక్కించుకుని ఉంటారు. రంగూనో సింగపూరో పట్టుకుపోయి ఉంటారు. ఏదో ఒక పూట వస్తాడు” అనేది. అనేసి చేపల పొలుసు గీకుతూ కూచునేది.

మధ్యలో నలిగిపోయింది మా మరదలు కనకరత్నం. తమ్ముడి పెళ్లాం. కాపురానికొచ్చి రెండేళ్లు కూడా నిండలేదు, కడుపు పండలేదు. వయసు చూస్తే ఇరవై లోపే. పాలెంలో పేరంటం అంటే ఆ పిల్లని పిలవాలో మానాలో తెలియక జనం ఎదురొచ్చి కూడా పక్కకి తప్పుకునేవాళ్లు. నూతి దగ్గర దాని బిందె ముందు ఎవరూ బిందె పెట్టేవాళ్లు కారు, వెనకా పెట్టేవాళ్లు కారు. నాకు ఒళ్లు మండేది. “ఏం, మా కనకం మిమ్మల్ని కరుస్తుందా?” అని ఒకరోజు నోరు చేసుకున్నాను కూడా. అది మాత్రం ఏమీ అనేది కాదు. సాయంత్రం కాగానే ఒడ్డుకెళ్లి నిలబడేది. చీకటి పడే వేళకి అమ్మ వెళ్లి “పద పిల్లా” అని తీసుకొచ్చేది.

జ్యేష్ఠమాసంలో కోడూరు వైపు నుంచి దాని తండ్రి రత్తయ్య వచ్చాడు. కులపెద్ద నాంచారయ్య బాబాయిని, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని మా వాకిట్లో కూచున్నాడు. మంచివాడే, కాదనను. అల్లుడు పోయాడన్న మాట నోట రానివ్వకుండా నానా యాతనా పడ్డాడు.

“చెల్లెమ్మా, నేను మీ అబ్బాయి చావు కోరి రాలేదు. నా చేతుల్తో కాళ్లు కడిగిన అల్లుడు. కానీ నా పిల్ల అటూ కాకుండా ఇటూ కాకుండా ఉంది. నాగాయలంకలో ఒక మనిషి ఉన్నాడు, పెళ్లాం కాన్పులో పోయింది. తాగడు, కొట్టడు. మన కులంలో మారుమనువు తప్పు కాదు కదా. ఆయన ఆషాఢం దాకా ఆగుతానన్నాడు. ఆ పైన వాళ్లవాళ్లు ఇంకో చోట చూసేస్తారు.”

నాంచారయ్య బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“వదినా, నిన్ను బలవంతపెట్టే హక్కు మాకెవరికీ లేదు. కానీ నువ్వు మాట అననంతకాలం ఆ పిల్ల బతుకు పందిట్లో ఆరేసిన వలలా ఉండిపోతుంది. నీళ్లలోకీ వెళ్లదు, ఇంట్లోకీ రాదు. ఆలోచించుకో.”

గుమ్మం వెనక కనకం నిలబడి ఉంది. దానికేం కావాలో ఎవరూ అడగలేదు. అడిగినా అది చెప్పేది కాదు. అత్త ఏమంటే అదే అన్నట్టు అమ్మ వీపు వైపే చూస్తోంది.

అమ్మ చివరికి తలెత్తి, “వాడు దాన్ని బందరు తీసుకెళ్తానన్నాడు అన్నయ్యా. పెళ్లయిన నాటినుంచీ అంటన్నాడు. చిలకలపూడి పాండురంగసామిని చూపిస్తానన్నాడు, వలందావాళ్ల కోట చూపిస్తానన్నాడు. వాడు అన్న మాట అలా ఉండిపోకూడదు. ముందు దానికి బందరు చూపించనీ. చూపించి వచ్చాక చెప్తా” అంది.

పెద్దమనుషులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. రోజులు నెట్టడానికి వేసిన ఎత్తు ఇదని అందరికీ తెలిసిపోయింది. నాకూ అలాగే అనిపించింది. “చెప్పు తెగేదాకా తిరిగినా ఆ మాట అనక తప్పదులే అమ్మా” అని గొణిగాను. అమ్మ వినిపించుకోలేదు.

మర్నాడు తెల్లవారగానే మొదటి బస్సు ఎక్కాం, అమ్మ, కనకం, నేను. కనకం పెళ్లినాటి చీర కట్టుకుంది. అమ్మే కట్టుకోమంది. జడలో కనకాంబరాలు కూడా అమ్మే పెట్టింది. అవనిగడ్డ దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటుతుంటే కనకం కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. “అత్తా, ఇది మన కృష్ణేనా? ఇంత సన్నంగా ఉందేంటి?” అంది. వేసవి కదా మరి, ఇసకే ఎక్కువ. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల నోట్లోంచి అంత పొడుగు మాట వచ్చింది. అమ్మ నా వైపు చూసి మోచేత్తో పొడిచింది.

బందరు మా అమ్మకి కొత్త కాదు, తెలిసిందీ కాదు. గంప నెత్తిన పెట్టుకుని చేపల బజారు దాకా వచ్చింది, అమ్ముకుంది, వెళ్లింది. అంతే ఆవిడ బందరు. కోనేరు సెంటర్లో బస్సు దిగాక నడిరోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూసింది. రిక్షాలు, జట్కాలు, సైకిళ్ల గంటలు, హోటల్లోంచి కాఫీ వాసన. కనకం నోరు తెరుచుకుని చూస్తోంది. అమ్మ గొప్పగా చెయ్యి చాపి, “అదిగో, అటెళ్తే చేపల బజారు” అంది.

“అమ్మా, చేపలు చూడ్డానికి యాభై ఊళ్లు దాటి రావాలా?” అన్నాను.

కనకం నవ్వింది. నిజంగానే నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అమ్మకి ఆ నవ్వు చూసి ఊపొచ్చింది. ఒక జట్కా సాయిబుని పిలిచి, “నాయనా, మా కోడలు బందరు చూడాలి. నీకు తెలిసినవన్నీ చూపించు. నాకు తెలిసిందొక్కటే, అది అయిపోయింది” అంది. గడ్డం నెరిసిన మనిషి, నవ్వి, గుర్రాన్ని అదిలించాడు.

మొదట చిలకలపూడి పాండురంగసామి గుడికి తీసుకెళ్లాడు. ఆ గుడిలో విశేషం ఏంటంటే, ఎవరైనా లోపలికెళ్లి స్వామి పాదాలు చేత్తో ముట్టుకోవచ్చు. మా పాలెం గుళ్లో గడప దాటి వెళ్లనివ్వరు. కనకం భయం భయంగా వేళ్లు ఆనించి తీసేసింది. నేను కళ్లకద్దుకున్నాను. అమ్మ వంగి రెండు పాదాలూ రెండు చేతుల్తో పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. వెనక జనం నెడుతున్నారు. “జరగాలమ్మా, జరగాలి” అని పూజారి రెండుసార్లు అన్నాడు. అమ్మ కదల్లేదు. మూడోసారి ఆయన అనబోయి ఎందుకో ఊరుకున్నాడు. నేను భుజం పట్టుకుని లేవదీయాల్సొచ్చింది.

బయటికొచ్చాక కనకం అడిగింది. “ఏం మొక్కుకున్నావత్తా?”

“ఏం మొక్కలేదే. ఉన్నాడా అని అడిగా.”

“ఏమన్నాడు స్వామి?”

“గుళ్లో అంత గోలగా ఉంటే ఏం వినపడుద్ది?” అంది అమ్మ. చెప్పులు వెతుక్కుంటూ చాలాసేపు తల ఎత్తలేదు.

గుడి పక్కన రోల్డుగోల్డు నగల కొట్లు వరసగా ఉన్నాయి. చిలకలపూడి నగ అంటే బంగారం కూడా సిగ్గుపడుద్దని మా వైపు మాట. కనకం ఒక కొట్టు ముందు ఆగింది. కొట్లో ఉన్న ముసలామె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది, వేసి చూసుకోమ్మా, వేసి చూసుకుంటే ఏం పోతుంది అంటూ. నాలుగు గాజులు వేసింది. ఎండలో మెరిశాయి. ముసలామె ముచ్చటగా చూసి, “పచ్చటి చెయ్యి. మీ ఆయనేం చేస్తాడమ్మా?” అంది.

నేను చప్పున కనకం వైపు తిరిగాను.

“సముద్రం మీదున్నారండీ” అంది కనకం. అబద్ధం చెప్తున్నట్టు లేదు, నిజం చెప్తున్నట్టూ లేదు. మామూలుగా అంది.

“అయితే ఈ గాజులు చూసి మురిసిపోతాడు. దీర్ఘసుమంగళీ భవ” అంది ముసలామె.

కనకం వంగి దణ్ణం పెట్టింది. అమ్మ కొట్టు బయట నిలబడి ఉంది. ఆవిడ మొహం నేను చూశాను. ఆ దీవెన వినలేక చెవులు మూసుకోవాలన్నంత కష్టపడింది. అంతలోనే తేరుకుని, “అవే ఉంచుకో. తియ్యకు” అంది.

తర్వాత బందరు కోట వైపు వెళ్లాం. కోట అంటే నేనేదో అనుకున్నాను గానీ, మొండిగోడలు, రావిమొక్కలు మొలిచిన కమానులు. మందుగుండు దాచుకున్న గది అని సాయిబు చూపించిన దాంట్లో మేకలు పడుకుని ఉన్నాయి. ఎన్నో ఏళ్ల కిందట వలందావాళ్లు, అదే డచ్చివాళ్లు, ఓడల మీద వచ్చి ఇక్కడ బట్టల వ్యాపారం చేశారని, వాళ్ల తర్వాత ఇంగ్లీషువాళ్లని, చివరికి ఉప్పెనొచ్చి అందరినీ ఊడ్చేసిందని చెప్పాడు. వాళ్ల తాత ఆ ఉప్పెన చూశాడట. “ఊరంతా శవాలేనమ్మా. ఎవరు ఎవరో తెలియదు. ఏ మతమో తెలియదు. మా తాత పాతిపెట్టినవాళ్లలో సగంమంది మీవాళ్లే అయ్యుంటారు” అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు వలందావాళ్ల సమాధుల దగ్గర జట్కా ఆపాడు. గడ్డిలో నల్లటి పెద్ద పెద్ద రాళ్లు, వాటి మీద అర్థం కాని అక్షరాలు. ఒక రాతి మీద ఓడ బొమ్మ చెక్కి ఉంది. కనకం దాని మీద మట్టి తుడిచి, తెరచాప మీద వేలు పెట్టి చూస్తోంది. అమ్మ సాయిబుని అడిగింది.

“వీళ్లంతా సముద్రం మీద పోయినవాళ్లేనా?”

“కొందరు జ్వరాలొచ్చి, కొందరు ఓడ మీద. ఏదైనా ఇక్కడే పాతిపెట్టారు.”

“అయితే శవాలు దొరికినాయన్నమాట.”

“దొరక్కపోతే సమాధి ఎలా కడతారమ్మా?”

“వీళ్ల తల్లులు అదృష్టవంతులు నాయనా. ఊరు కాని ఊరైతేనేం, ఇదిగో ఇక్కడున్నాడు అని ఒక రాయి ఉంది” అంది అమ్మ. సాయిబు తన ముంతలోంచి మాకు మంచినీళ్లు పోశాడు.

అంతటితో తిరిగి వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కనకమే, “అత్తా, ఇక్కడ పడవలు కట్టేసేచోటు ఉంటదంట, అది కూడా చూద్దాం. మనదానికంటే పెద్దదంటగా” అంది. అమ్మకి ఇష్టం లేదు. పొద్దుటినుంచీ సముద్రం వైపు వెళ్లకుండా తప్పించుకుంటూనే ఉంది. కానీ ఆ రోజు కనకం ఏది అడిగినా కాదనకూడదని మనసులో పెట్టుకుంది కాబోలు, సరేనంది.

గిలకలదిండి రేవు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పడవలు గట్టున పడుకుని ఉన్నాయి. ఆడవాళ్లు చేపలు ఎండబెడుతున్నారు. అచ్చు మా పాలెం వాసనే. కర్రల మీద వలలు ఆరేసి ఉన్నాయి. ఒక వల పక్కన నడివయసు మనిషి కూచుని తాడు పేనుతున్నాడు. మమ్మల్ని చూసి, “ఎక్కడినుంచమ్మా?” అని పలకరించాడు. పేరు జకరయ్య అన్నాడు. దివిసీమ పల్లెకారులమని చెప్పగానే, “మనవాళ్లే” అని పెళ్లాన్ని కేకేశాడు. ఆమె కనకాన్ని చూసి, “కొత్తపెళ్లికూతురా? రా, లాంచీ చూపిస్తా” అని చెయ్యి పట్టుకుని రేవు వైపు తీసుకెళ్లింది.

అమ్మ అలవాటుకొద్దీ ఆరేసిన వల మీద చెయ్యి వేసింది. బట్టలకొట్టుకెళ్లిన ఆడదాని చెయ్యి చీర మీదకి పోయినట్టు మా చేతులు వల మీదకి పోతాయి. వేళ్లతో వల కళ్లు తడుముకుంటూ రెండడుగులు నడిచింది. ఆగింది. వెనక్కొచ్చి పైతాడు దగ్గర మొదటి వరస పట్టుకుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా పాలెంలో తల్లి కొడుక్కి వల అల్లేటప్పుడు మొదటి వరస నూలులో తన తలవెంట్రుకలు కలిపి పేనుతుంది. తల్లి వెంట్రుక ఉన్న వల ఎక్కడున్నా ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని మా ఆడవాళ్ల నమ్మకం. మగవాళ్లక్కూడా చెప్పం. చూస్తే తెలియదు. పట్టుకుంటే నూలు కాస్త బిరుసుగా తగులుతుంది.

నేను దగ్గరికెళ్లాను. అమ్మ నా వేలు తీసుకుని ఆ నూలు మీద పెట్టింది. బిరుసుగా తగిలింది. నూలు పేటలోంచి ఒక తెల్ల వెంట్రుక, ఒక నల్ల వెంట్రుక కొసలు బయటికొచ్చి గాలికి కదులుతున్నాయి. ముడులన్నీ ఎడమవైపుకి తిరిగి ఉన్నాయి. మా అమ్మది ఎడమచేతివాటం.

ఏదో అనబోతే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. తర్వాత గొంతు మామూలుగా పెట్టి జకరయ్యని అడిగింది.

“మంచి వల నాయనా. నీ పెళ్లాం అల్లిందా?”

“కాదమ్మా. చైత్రంలో గాలి లేచింది చూడు, ఆ గాలి తర్వాత పడవకి అడ్డం పడింది. వట్టి వలే, మనిషి జాడ లేదు. తెప్ప దుంగ ఒకటి చిక్కుకుని ఉంది. రెండు రోజులు చుట్టుపక్కలంతా వెతికాం. ఏ తల్లి బిడ్డో అని ప్రార్థన చేసుకుని తెచ్చుకున్నాం. అడిగినవాళ్లుంటే ఇచ్చేద్దామనే ఇన్నాళ్లూ నీళ్లలో వెయ్యలేదు.”

అమ్మ వలలో ఒక చిరుగు వేలితో చూపించింది.

“ఇక్కడ చిరిగింది. నూలుంటే ఇవ్వు, వేసిపెడతా” అంది.

జకరయ్య నూలు, వల అల్లే బద్ద ఇచ్చాడు. అమ్మ ఇసకలో చతికిలబడి చిరుగు ఒళ్లోకి లాక్కుంది. ఒక్కొక్క కన్నే వేసుకుంటూ వెళ్లింది. నేను పక్కన కూచుని చూస్తున్నాను. ఏం చెయ్యాలో తోచలేదు. లాక్కుని గుండెకి హత్తుకుని అరవాలనిపించింది. జకరయ్య తాడు పేనడం ఆపి అమ్మ చేతినే చూస్తున్నాడు.

“ఎడమచేత్తో వేస్తున్నావే అమ్మా” అన్నాడు.

అన్నాక అతని కళ్లు వల మీదున్న పాత ముడుల మీదకి వెళ్లాయి. మళ్లీ అమ్మ వేసిన కొత్త ముడుల మీదకి వచ్చాయి. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“అమ్మా, ఈ వల...”

“నీకెంతమంది పిల్లలు?” అంది అమ్మ, తలెత్తకుండా.

“నలుగురమ్మా.”

“నీళ్లలో వేసుకో నాయనా. ఊరికే ఎండబెడితే నూలు చివికిపోద్ది. అడిగేవాళ్లెవరూ రారు.”

చివరి ముడి వేసి, నూలు పంటితో కొరికి, వల మళ్లీ కర్ర మీద పరిచి, ఒకసారి అరచేత్తో నిమిరింది. అప్పటికి కనకం వచ్చింది. లాంచీ ఎక్కనిచ్చారట, లోపల ఇంజను కూడా చూసిందట, మొహం వెలిగిపోతోంది. జకరయ్య దానివైపు చూడలేక పడవ చాటుకెళ్లిపోయాడు.

సాయిబు మమ్మల్ని మళ్లీ కోనేరు సెంటర్లో దింపాడు. బస్సుకి ఇంకా టైముంది. అమ్మ బందరు హల్వా కొని ఆకులో పెట్టించి కనకం చేతికిచ్చింది. బస్టాండులో బల్ల మీద కూచున్నాం. కనకం తింటూ, ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ చెప్తోంది. లాంచీ, కోటలో మేకలు, రాతి మీద ఓడ. అది తినడం అయ్యేదాకా అమ్మ ఆగింది. కొంగుతో దాని మూతి తుడిచింది.

“కనకం, వాడు లేడే.”

కనకానికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే అంటన్నా.”

“నువ్వే కదత్తా ఉన్నాడన్నావు! ఇన్నాళ్లూ నువ్వే కదా! ఇయ్యాల పొద్దున కూడా, పువ్వులు పెట్టేటప్పుడు కూడా ఉన్నాడన్నావు!”

“పొద్దున ఉన్నాడు పిల్లా” అంది అమ్మ.

బస్టాండులో జనం మావైపు తిరిగి చూస్తున్నారు. కనకం చేతులు విదిలిస్తుంటే కొత్త గాజులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. “మా నాన్న చెప్పినదానికి నువ్వు ఒప్పుకున్నావు. నేను నీకు బరువైపోయా. అందుకే కదా! బందరు చూపిస్తానని తీసుకొచ్చి నువ్వు చూపించింది ఇదా?” అంది.

ఉండబట్టలేక వల సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కింది, గిలకలదిండిలో నొక్కినట్టే. తను మాత్రం కనకం ఎన్నన్నా పడింది. తిరిగొచ్చే బస్సులో కనకం మాకు దూరంగా ముందు సీట్లో కూచుంది. అమ్మ దారి పొడుగునా దాని జడ వైపే చూస్తూ కూచుంది.

ఆ తర్వాత కనకం అమ్మతో మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, మాట మాత్రం లేదు. ఒకరోజు పెరట్లో అమ్మ ఒక్కతే ఉంటే పట్టుకుని అడిగాను.

“వల సంగతి దానికెందుకు చెప్పవు? జకరయ్యకి మనదేనని ఎందుకు చెప్పలేదు? తెచ్చుకుంటే రుజువుగా ఉండేది. నిన్ను ఇన్ని మాటలనేది కాదు.”

“అది చెప్తే ఏమవుద్దే కోటమ్మా? మా అత్త తలవెంట్రుకలు నా మొగుడు పోయాడని చెప్పినాయి అని జీవితాంతం ఆ వలే కళ్లముందు పెట్టుకు కూచుంటది. కొత్త కాపురానికెళ్లి కూడా వల పట్టుకున్న ప్రతిసారీ ముడులు తడుముతూ కూచుంటది. నా మీద కోపమైతే నాలుగేళ్లకి పోద్ది. అయినా, వలేంటి చెప్పేది? వాణ్ణి కన్నది నేను. నేను చెప్పాలి.” అమ్మ కళ్లు ఎర్రబడ్డాయి గానీ నీళ్లు కిందకి జారలేదు. చేపల బుట్ట తీసుకుని లోపలికెళ్లిపోయింది.

అమావాస్య ముందు రోజు పొద్దున్నే పెద్దమనుషులు ఒడ్డున చేరారు. రత్తయ్య వచ్చాడు. పాలెం అంతా వచ్చింది. తల్లిని మూడుసార్లు అడగాలి. మూడుసార్లూ ఒకటే మాట చెప్పాలి. ఒక్కసారి తడబడినా కార్యం ఆగిపోతుంది, మళ్లీ ఏడాది దాకా అడగకూడదు. అమ్మ మోకాలు తడిసేదాకా నీళ్లలోకెళ్లి నిలబడింది. కనకం గట్టు మీద తండ్రి పక్కన నిలబడింది. మొహం పక్కకి తిప్పుకునే ఉంది.

“పెద్దింట్లమ్మా, నీ కొడుకు వెంకటపతి ఉన్నాడా?” అన్నాడు నాంచారయ్య బాబాయి.

“లేడు.”

“నీ కొడుకు వెంకటపతి ఉన్నాడా?”

“లేడు.” ఈసారి గొంతు బాగా తగ్గింది.

“నీ కొడుకు వెంకటపతి ఉన్నాడా?”

అమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఒక అల వచ్చి వెళ్లింది, ఇంకోటి వచ్చింది. నాంచారయ్య బాబాయి మళ్లీ అడగడానికి వీల్లేదు, కార్యం ఆగిపోయిందని అనడానికీ మనసొప్పడం లేదు. రత్తయ్య తల పట్టుకుని ఇసకలో కూలబడ్డాడు.

అప్పుడు కనకం గట్టు దిగింది. చీర కుచ్చెళ్లు తడుస్తున్నా చూసుకోకుండా నీళ్లలోకి నడిచొచ్చి, అమ్మ పక్కన నిలబడి, అమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“లేడు మావయ్యా” అంది.

తల్లి అనాల్సిన మాట కోడలు అనొచ్చా అని ఎవరైనా అడ్డం రావచ్చు. ఎవరూ రాలేదు. నాంచారయ్య బాబాయి తలవంచి, “విన్నాం” అన్నాడు.

ఉన్నాడో లేడో తేలని మనిషి కోసం ఏడవకూడదు మా పాలెంలో. బతికున్నవాడికి కీడు. అందుకే ఉగాది వెళ్లిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి ఏడవలేదు. ఆ మాట పడ్డాక అమ్మ కనకాన్ని పట్టుకుని, “నా తండ్రీ, నా వెంకటపతీ” అని గుండెలు పగిలేలా ఏడ్చింది. కనకం అమ్మ మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది. నేను కూడా నీళ్లలోకి దిగాను. ఎండ నెత్తికెక్కేదాకా ముగ్గురం అక్కడే నిలబడి ఏడ్చాం, ఎవరూ మమ్మల్ని బయటికి రమ్మనలేదు.